తేమకు పొంగే జుట్టు, జారిపోయే కొప్పు, హెల్మెట్ కింద అణిగే మాడు: ఇంట్లోనే త్వరగా సరిచేసుకోవడం ఎలా?

మీ ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీరు విశాఖపట్నంలో ఉంటారు, స్కూటర్ మీద ఆఫీసుకు వెళతారు, ఇంట్లో వాడుకకు బోరు నీళ్ళే దిక్కు. తలస్నానం చేసిన రోజున ఇంట్లో చక్కగా కుదిరిన జుట్టు ఆఫీసు చేరేసరికి చుట్టూ పొంగిపోతోంది, హెల్మెట్ తగిలిన మాడు మాత్రం అణిగిపోతోంది. పెళ్ళిళ్ళకు వేసుకున్న కొప్పు ముహూర్తం వరకు నిలవడం లేదు. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చిన మీ ఆడపడుచుకు ఇప్పుడు వేలెడు పొడవు పెరిగిన జుట్టు నిక్కబొడుచుకొని ఉంటోంది. వచ్చే నెల ఇంట్లో పెళ్ళి, సెలూన్ల చుట్టూ తిరిగే తీరిక లేదు, ఇంట్లో ఉన్న వస్తువులతో పది నిమిషాల్లో ఏం చేసుకోవచ్చు అని అడిగారు.

సూటిగా చెబుతాను. పొంగిన జుట్టును పొడిగా దువ్వడం మానేయండి. తడి చేతులతో నిమిరి, రెండు మూడు చుక్కల కొబ్బరినూనె పట్టించి, ఆరే వరకు కదపకుండా వదిలేయండి. అణిగిన మాడుకు పాపిడి మార్చడం, జారే కొప్పుకు లోపల ఒక సన్నని జడను ఆధారంగా వేయడం, నిక్కబొడిచే పొట్టి జుట్టుకు అవిసె గింజల జెల్ పూసి గుడ్డ కట్టడం సరిపోతాయి. గోదావరి జిల్లాల్లోనూ విశాఖలోనూ చాలా ఏళ్ళుగా పెళ్ళికూతుళ్ళకు జడలు వేస్తున్నాను, ఇక్కడ చెప్పేవన్నీ నేను రోజూ చేసే పనులే. అయితే కారణం తెలియకుండా చిట్కా పట్టుకుంటే ఒకరికి పనిచేసింది మరొకరికి బెడిసికొడుతుంది కాబట్టి, ఒక్కొక్కదాన్ని వివరంగా రాస్తున్నాను.

వెంట్రుక కెరాటిన్ అనే ప్రోటీన్‌తో ఏర్పడుతుంది. ఆ ప్రోటీన్ గొలుసుల మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలు నీళ్ళు తగిలితే విడిపోతాయి, ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలోనే మళ్ళీ ముడిపడతాయి. మీరు ఉదయం దువ్వి సాపు చేసిన జుట్టుకు ఆ సాపుదనం ఇచ్చినవి ఈ బంధాలే. వానాకాలంలో విశాఖ గాలిలో తేమ చాలా రోజులు 70 శాతానికి పైనే ఉంటుంది. ఆ తేమ వెంట్రుకలోకి చేరగానే బంధాలు ఒక్కో వెంట్రుకలో ఒక్కో తీరున సడలి, కొన్ని వంగి, కొన్ని లేచి, మొత్తం జుట్టు పొంగినట్టు కనిపిస్తుంది. ఆ స్థితిలో పొడి దువ్వెన పెడితే సహజంగా జట్టుకట్టి ఉన్న అలలు కూడా విడివిడి వెంట్రుకలుగా చీలిపోయి పొంగు రెట్టింపవుతుంది. ఆఫీసు బాత్రూములో అద్దం ముందు నిలబడి ఎంత దువ్వితే అంత పెరుగుతోందని మీరు రాసినదానికి కారణం ఇదే.

కాబట్టి చేయవలసింది ఇది. రెండు అరచేతులూ తడిపి, కారే నీళ్ళు విదిలించి, జుట్టు మధ్య భాగం నుంచి కొసల వరకు నెమ్మదిగా నిమరండి. తర్వాత రెండు మూడు చుక్కల కొబ్బరినూనెను అరచేతుల్లో మెరుపు మాత్రమే మిగిలేంతగా రుద్ది, ముందు కొసలకు, తర్వాత మధ్య భాగానికి, చివరన చేతికి మిగిలిన జిడ్డును మాత్రమే పైభాగానికి తాకించండి. ఈ వరుస ముఖ్యం, ఎందుకంటే మాడుతో మొదలుపెడితే నూనె అంతా అక్కడే నిలిచి తల జిడ్డుగా కనిపిస్తుంది, కొసలు మాత్రం పొడిగానే ఉండిపోతాయి. తర్వాత అలలున్న జుట్టును వేళ్ళతోనే నాలుగైదు పాయలుగా విడదీసి, ఒక్కొక్క పాయను వేలికి వదులుగా చుట్టి వదిలేయండి. ఆరేదాకా చేయి పెట్టకూడదు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి చలికాలంలో అది పూసలా తలకు అంటుకోకుండా అరచేతుల్లో పూర్తిగా కరిగిన తర్వాతే వాడండి.

కొబ్బరినూనెనే ఎందుకు చెబుతున్నానంటే, అది వెంట్రుక లోపలికి ఇంకే గుణం ఉన్న నూనె. 2003లో ప్రచురితమైన ఒక భారతీయ పరిశోధన కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూసి, వెంట్రుక నుంచి ప్రోటీన్ పోవడాన్ని చెప్పుకోదగినంతగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటేనని తేల్చింది. కనుక తలస్నానానికి గంట ముందు కొసలకు పట్టిస్తే స్నానం తర్వాత పొంగు కొంత తక్కువగానే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. గ్లిసరిన్ కలిసిన సీరమ్‌లు గాలిలోని నీటిని లాగే స్వభావం కలవి. జనవరిలో హైదరాబాదులోనో ఆదిలాబాదులోనో అవి మేలు చేస్తాయేమో గానీ, జూలైలో విశాఖలో అవే సీరమ్‌లు జుట్టును ఇంకా పొంగిస్తాయి. మీరు కొన్న సీసా మీద పదార్థాల జాబితాలో గ్లిసరిన్ పేరు మొదటి వరుసల్లో ఉంటే దాన్ని పొడి కాలానికి దాచిపెట్టుకోండి.

పొంగు చాలావరకు తుడిచే దశలోనే మొదలవుతుందని కూడా గుర్తుంచుకోండి. తడిసిన వెంట్రుక సాగుతుంది, దాని పైపొర పొలుసులు కొద్దిగా లేచి ఉంటాయి, ముతక తువ్వాలుతో రుద్దితే ఆ పొలుసులు చెదిరిపోతాయి. మన పెద్దవాళ్ళు తలంటు తర్వాత పాత నూలు చీర ముక్కను తలకు చుట్టి వదిలేసేవారు. ఆ పద్ధతిని మించినది నేనింతవరకు చూడలేదు. రుద్దకుండా చుట్టి, పావుగంట ఉంచి, తీసేస్తే చాలు.

అవిసె గింజల జెల్ గురించి చాలామంది అడుగుతారు కాబట్టి తయారీ చెబుతాను. రెండు పెద్ద చెంచాల గింజలను రెండు కప్పుల నీళ్ళలో వేసి సన్నని మంట మీద కలుపుతూ మరిగించాలి. నీళ్ళు కోడిగుడ్డు తెల్లసొన మాదిరిగా తీగ సాగగానే దించి, వేడి తగ్గకముందే పలుచని బట్టలో వడకట్టాలి, చల్లారితే అది గింజలను వదలదు. ఫ్రిజ్‌లో వారం వరకు ఉంటుంది, పులిసిన వాసన వస్తే పారేయాలి. తడిగా ఉన్న జుట్టుకు శనగగింజంత తీసుకొని పట్టిస్తే, ఆరిన తర్వాత సన్నని పొరగా ఏర్పడి అలలను కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆరాక జుట్టు కొంచెం బిరుసుగా అనిపిస్తే అరచేతులతో మెల్లగా నలిపితే మెత్తబడుతుంది. అవిసె గింజలు దొరకకపోతే నాలుగైదు మందార ఆకులను నీళ్ళలో నలిపి వడకట్టిన జిగురు కూడా పనికొస్తుంది, కాకపోతే అది జుట్టును మెత్తబరిచినంతగా నిలిపి ఉంచదు, పైగా అదే రోజు వాడేయాలి.

బోరు నీళ్ళ సంగతి మీరు మాటవరసకు రాశారు గానీ, మీ సమస్యలో సగం అక్కడే ఉందని నా అభిప్రాయం. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటి కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములకు లోబడి ఉండాలి. వేరే నీరు లేని చోట 600 వరకు అనుమతిస్తారు. ఎన్నో ఊళ్ళలో బోర్లు ఆ పై హద్దుకు దగ్గరగానో, దాటిపోయో ఉంటాయి. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టులా వెంట్రుకలకు అంటుకుంటాయి, దాంతో ఎంత ఖరీదైన కండిషనర్ వాడినా జుట్టు గరుకుగానే ఉంటుంది. తలకు ఒంటి సబ్బు వాడే అలవాటు ఉంటే ముందు అది మానేయాలి. వారానికి ఒకసారి ఒక లీటరు మామూలు నీళ్ళలో ఒక పెద్ద చెంచా వెనిగర్ గానీ, వడకట్టిన అరచెక్క నిమ్మరసం గానీ కలిపి తలస్నానం చివర పోసుకొని, ఒక నిమిషం ఆగి, ఒకటి రెండు చెంబుల మంచినీళ్ళతో కడిగేయండి. వాన నీళ్ళు పట్టుకునే వీలున్నవారికి ఆ చివరి చెంబు వాన నీళ్ళయితే మరీ మంచిది. రంగు వేసిన జుట్టుకు ఈ పుల్లనీళ్ళు నెలకు రెండుసార్లకు మించి వద్దు, మాడు మీద పుండ్లు గానీ గోకిన గాట్లు గానీ ఉంటే అసలే వద్దు.

హెల్మెట్ విషయానికి వస్తే, దాన్ని తీసేయడం గానీ వదులుగా పెట్టుకోవడం గానీ పరిష్కారం కాదు. జుట్టు పూర్తిగా ఆరకముందే హెల్మెట్ పెట్టడం వల్లనే మాడు అంతగా అణిగిపోతుంది, ఎందుకంటే పైన చెప్పిన బంధాలు ఆ అణిగిన ఆకారంలోనే ఆరి బిగుసుకుంటాయి. ఉదయం తీరిక లేనివారు ముందురోజు సాయంత్రమే తలస్నానం చేయాలి. బయలుదేరేముందు పాపిడిని రోజూ తీసే వైపు కాకుండా రెండో వైపుకు తీసి, పలుచని నూలు గుడ్డ కట్టి, దాని మీద హెల్మెట్ పెట్టుకోండి. ఆఫీసుకు చేరాక పాపిడిని మళ్ళీ అలవాటైన వైపుకు మళ్ళించండి. కుదుళ్ళు వ్యతిరేక దిశలో అణిగి ఉంటాయి కాబట్టి మళ్ళించగానే మాడు దానంతట అదే లేస్తుంది. హెల్మెట్ కింద ఎత్తైన ముడి వేయకూడదు, ముడి ఉంటే హెల్మెట్ తలకు సరిగా కూర్చోదు. మెడ దగ్గర వదులుగా అల్లిన జడ ఉత్తమం.

మాడు జిడ్డుగా ఉండి అణిగిందంటే పద్ధతి వేరు. చిటికెడు తెల్లని మొక్కజొన్న పిండిని (కార్న్‌ఫ్లోర్) మేకప్ కుంచెతో కుదుళ్ళ దగ్గర అద్ది, పది నిమిషాలు ఆగి, వేళ్ళతో విదిలిస్తే జిడ్డు పీల్చుకొని కుదుళ్ళు తేలికవుతాయి. నల్లని జుట్టు మీద తెల్లదనం కనిపించకుండా అందులో కొద్దిగా కోకో పొడి కలుపుతారు. ముఖానికి రాసే పౌడర్‌ను ఇందుకు వాడకండి, అది గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె ఎక్కువై తలస్నానం చేసినా వదలకపోతే, తరువాతిసారి నీళ్ళు పోయకముందే పొడి తలకు షాంపూ పట్టించి, రెండు నిమిషాలు రుద్ది, అప్పుడు నీళ్ళు పోయండి. ముందే నీళ్ళు పోస్తే నూనె పొర మీద షాంపూ జారిపోతుంది. కుంకుడు రసం వాడేవారు రసాన్ని చిక్కగా తీసి రెండు విడతలుగా వాడాలి.

ఇప్పుడు కొప్పు. మీరు దీనికి రెండు వాక్యాలే రాశారు గానీ, పెళ్ళి ఇంటివారు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కొప్పు జారడానికి మొదటి కారణం అదే రోజు తలస్నానం చేయడం. కొత్తగా కడిగిన జుట్టు జారుడుగా ఉంటుంది, పిన్నుకు పట్టు దొరకదు. మంగళస్నానం అదే రోజు తప్పదు కాబట్టి పెళ్ళికూతురికి ఈ మాట వర్తించదు, ఆమెకు కుదుళ్ళ దగ్గర పైన చెప్పిన మొక్కజొన్న పిండి అద్ది పట్టు తెప్పిస్తాను. మిగిలినవారు ముందురోజే తలస్నానం చేయాలి.

రెండో కారణం ఆధారం లేకపోవడం. కొప్పు మొత్తం బరువు రబ్బరు బ్యాండు మీదే పడితే అది మెల్లగా జారుతుంది. నేను చేసేది ఏమిటంటే, కొప్పు కూర్చోవలసిన చోట రెండు వేళ్ళ వెడల్పు పాయను తీసి, తలకు ఆనుకునేలా చిన్న జడ అల్లి, దాన్ని గుండ్రంగా చుట్టి రెండు చెంపపిన్నులను అడ్డంగా, ఒకదానిమీద ఒకటి దాటేలా గుచ్చుతాను. మిగిలిన జుట్టంతా దాని మీదకు తెచ్చి కొప్పు చుట్టి, ప్రతి యూ పిన్నునూ ఆ లోపలి జడలోకి దిగేలా పెడతాను. పునాది లేని గోడకు ఎన్ని మేకులు కొట్టినా నిలవనట్టే, లోపల జడ లేని కొప్పుకు ఎన్ని పిన్నులు గుచ్చినా ఉపయోగం ఉండదు. సవరం కలిపే జడకు కూడా ఈ ఆధారపు జడే ముఖ్యం. సవరం తాడును రబ్బరు బ్యాండుకు కాకుండా ఆధారపు జడ మొదట్లో ముడి వేస్తే, జడగంటల బరువు కొన్ని వెంట్రుకల మీదే కాకుండా వెనక భాగమంతటికీ పంచుకుంటుంది.

చెంపపిన్నును చాలామంది తలకిందులుగా పెడతారు. దానికి ఒకవైపు సాపుగా, మరోవైపు అలలుగా ఉంటుంది; అలలున్న వైపు తలకు ఆనాలి, ఆ అలలే వెంట్రుకలను పట్టుకుంటాయి. పిన్నులు పదే పదే జారుతుంటే గుచ్చేముందు వాటి మీద హెయిర్ స్ప్రే కొట్టి ఆరనివ్వండి. పూల విషయంలో, మల్లెమాలను నేరుగా పిన్నుతో నొక్కితే పూలు నలిగి నల్లబడతాయి, అందుకని దారం రెండు కొసలనూ రెండు యూ పిన్నులకు ముందే ముడివేసి ఆ పిన్నులను మాత్రం గుచ్చండి.

మన పెళ్ళిళ్ళలో ప్రత్యేకంగా గమనించవలసినది జీలకర్ర బెల్లం. ముహూర్త సమయానికి అది సరిగ్గా మాడు మీద పెడతారు, తర్వాత తలంబ్రాలు పోస్తారు. మాడు దగ్గర జుట్టును వెనక్కి దువ్వి ఎత్తుగా పఫ్ లేపిన అమ్మాయిలకు ఆ ముద్ద దిగగానే పఫ్ కుంగిపోవడం, బెల్లం పాకం చిక్కుల్లోకి దిగడం నేను చాలాసార్లు చూశాను. అందువల్ల పెళ్ళికూతురికి పఫ్‌ను మాడు కన్నా వెనకకు జరుపుతాను, ముద్ద పెట్టే చోట జుట్టును సాపుగా ఉంచి, ఒక చుక్క నూనె రాసి పెడతాను. ఆ తర్వాత తలలో ఇరుక్కున్న బెల్లాన్ని పొడిగా గోకకూడదు. అది నీళ్ళలో కరిగే పదార్థం కాబట్టి గోరువెచ్చని నీళ్ళలో ముంచిన గుడ్డను కొన్ని నిమిషాలు అద్దితే జీలకర్రతో సహా వచ్చేస్తుంది. తలంబ్రాల బియ్యాన్ని మాత్రం తడపకముందే, జడ విప్పి, తల వంచి, వేళ్ళతో విదిలించాలి. తడిస్తే పసుపు జుట్టుకూ బట్టలకూ పట్టుకుంటుంది.

పూలజడ, సవరం, జడగంటలు అన్నీ కలిస్తే బరువు గణనీయంగా ఉంటుంది. వేడుక ముగిసిన తర్వాత ఆ రాత్రే విప్పేయండి. బిగుతైన జడలు రోజుల తరబడి ఉంచితే నుదుటి అంచునా కణతల దగ్గరా కుదుళ్ళు లాగబడి, కాలక్రమంలో ఆ చోట్ల జుట్టు రాకుండా పోతుంది. చిన్నపిల్లలకు బిగించి రెండు జడలు వేసే తల్లులకు కూడా నేను ఇదే చెబుతాను: కనుబొమలు పైకి లాగినట్టు కనిపిస్తే జడ ఎక్కువ బిగిసినట్టే.

మీ ఆడపడుచు విషయం. జుట్టు నెలకు సుమారు 1 నుంచి 1.25 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, కాబట్టి గుండు తర్వాత మొదటి ఆరేడు నెలలు జుట్టు తన బరువుకు తాను వంగేంత పొడవు ఉండదు. నిక్కబొడవడం ఆమె జుట్టు లోపం కాదు, ఆమె దిగులు పడనవసరం లేదు. ఉదయం తల బాగా తడిపి, అవిసె గింజల జెల్‌ను కుదుళ్ళ నుంచి పెరుగుదల దిశలోనే పట్టించి, మెత్తని నూలు గుడ్డను నుదురు మీదుగా వెనక్కి గట్టిగా కాకుండా కట్టి పది పదిహేను నిమిషాలు ఉంచాలి. గుడ్డ తీసేసరికి జుట్టు అణిగి ఉంటుంది, తర్వాత దువ్వకూడదు. చెంపల దగ్గర చిన్న క్లిప్పులు, పెళ్ళి రోజున నుదుటి మీదుగా సన్నని హెయిర్ బ్యాండు, చెవుల వెనక ఒక కనకాంబరాల మాల బాగా నప్పుతాయి. పొట్టి జుట్టుకు సవరం కట్టాలని ప్రయత్నించవద్దు, అరచేతి పొడవైనా లేని జుట్టు ఆ బరువును మోయలేదు. రెండు నెలలకొకసారి మెడ వెనక వెంట్రుకలను మాత్రం కత్తిరిస్తే తల ఆకారం చక్కగా కనిపిస్తుంది, ఎందుకంటే పైభాగం ఎదిగేలోపు మెడ దగ్గరిది వేలాడుతూ ఎబ్బెట్టుగా ఉంటుంది. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్న మాట మాత్రం నిజం కాదు. కత్తి పడిన కొస మొద్దుగా ఉండడం వల్ల అలా అనిపిస్తుంది, చర్మం కింద ఉన్న కుదురు మారదు.

తొందరలో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. వంటసోడా తలకు రుద్దవద్దు, అది క్షారగుణం కలది, పైపొర పొలుసులను లేపుతుంది. నిమ్మరసం నీళ్ళు కలపకుండా పూసి ఎండలో తిరగవద్దు. అన్నిటికంటే ముఖ్యంగా, తడి జుట్టు మీద జుట్టు సాపు చేసే ఇస్త్రీ పరికరం (స్ట్రెయిటనర్) పెట్టవద్దు. వెంట్రుక లోపలి నీరు ఆవిరై బుడగలు కట్టి, ఆ చోటే వెంట్రుక తెగుతుంది. పూర్తిగా ఆరిన జుట్టు మీద కూడా 180 డిగ్రీలు దాటించకుండా, ఒక పాయ మీద ఒకసారే నడపండి. వేడి లేకుండా అలలు కావాలంటే, ముప్పాతిక వంతు ఆరిన జుట్టును రాత్రి నాలుగు వదులు జడలుగా అల్లుకొని పడుకుంటే ఉదయానికి అవే వస్తాయి. నీళ్ళు కారే జుట్టును మాత్రం జడ వేయకూడదు, లోపల ఆరక వాసన వస్తుంది.

చివరగా ఒక్క సంగతి. పైన చెప్పినవన్నీ జుట్టు తీరును సరిచేసేవే గానీ రాలడాన్ని ఆపేవి కావు. ప్రసవం తర్వాత రెండు నుంచి నాలుగు నెలలకు కొందరికి జుట్టు ఎక్కువగా ఊడి, కొన్నాళ్ళకు నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు లేచి నిలబడతాయి. అవి కొత్తగా పెరుగుతున్నవి, వాటిని కత్తిరించకుండా పాత టూత్‌బ్రష్‌కు కాస్త జెల్ అద్ది పక్కకు నిమిరితే చాలు. అలా కాకుండా ఒకచోట గుండ్రంగా జుట్టు పోవడం, మాడు మీద మంట, చీము, పొలుసులు కనిపించడం, పాపిడి నెలనెలా వెడల్పవుతుండడం గమనిస్తే ఏ ఇంటి చిట్కా ప్రయత్నించకుండా చర్మవైద్యుల దగ్గరకు వెళ్ళండి. వారు అవసరాన్ని బట్టి థైరాయిడ్, ఇనుము నిల్వల పరీక్షలు రాస్తారు.